ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి పంపు, ఫిల్టరు మార్చిన డైరీ: రోజుకు 14.6 యూనిట్ల నుంచి 1.9కి

పూల్ ఎందుకు కట్టుకున్నాం, ఎలా కట్టుకున్నాం అన్నది ఇక్కడ రాయడం లేదు. చంద్రగిరి దగ్గర మామిడితోటలో ఇల్లు, వెనక పూల్. కాంట్రాక్టరు పెట్టి వెళ్లిన పంపు కరెంటు తాగేస్తోంది, నీళ్లేమో తేటగా ఉండవు. ఈ రెండింటినీ ఎలా సరిచేశామో కొలతలతో రాస్తున్నాను. మీ పూల్ కొలతలు వేరైనా లెక్క వేసే పద్ధతి పనికొస్తుంది.

మొదట ఉన్న సరంజామా ఇది:

పూల్ 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. లోతు ఒక కొస 1 మీటరు, ఇంకో కొస 1.5. సగటు లోతు 1.25 వేస్తే 40,000 లీటర్లు.
పంపు 2 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్. పూల్ నీటిమట్టానికి అర మీటరు పైన ఉంది.
ఫిల్టరు 400 మి.మీ. ఇసుక ఫిల్టరు, పైన ఒకటిన్నర అంగుళాల మల్టీపోర్ట్ వాల్వ్ (హ్యాండిల్ తిప్పి నీళ్ల దారి మార్చేది).
పైపు 50 మి.మీ. పీవీసీ. పంపు గది 11 మీటర్ల దూరం. సక్షన్ (పూల్ నుంచి పంపుకు వచ్చే) వైపు 7 ఎల్బోలు, రిటర్న్ (పూల్‌కి తిరిగి వెళ్లే) వైపు 9.
బోరు నీళ్లు. కాఠిన్యం లీటరుకు 620 మిల్లీగ్రాములు.
రోజుకు 8 గంటలు నడిచేది.

ఫిబ్రవరి: ముందు కొలతలు

షాపుకు వెళ్తే మొదటి ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ కావాల సార్?" అనే వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మొదలుపెడితే పెద్ద పంపే ఇంటికొస్తుంది. హెచ్‌పీ అన్నది షాఫ్టు దగ్గర మోటారు ఇవ్వగల బలం, 1 హెచ్‌పీకి 746 వాట్లు. మీటరు తిరిగేది మోటారు లోపలి నష్టాలు కూడా కలుపుకుని. గంటకు ఎన్ని లీటర్లు కదులుతున్నాయో అందులో ఎక్కడా ఉండదు. అందుకని మూడు కొలతలు తీశాం.

1. పంపు లైనుకు విడిగా చిన్న ఎనర్జీ మీటరు పెట్టించాం. చూపించింది 1,820 వాట్లు.
2. సక్షన్ వైపు వాక్యూమ్ గేజి, ఫిల్టరు మీద ప్రెషర్ గేజి. సక్షన్ 0.3 కేజీ, ఫిల్టరు 1.6 కేజీ (చదరపు సెంటీమీటరుకు). కేజీకి 10 మీటర్ల చొప్పున చూస్తే పంపు మోస్తున్న బరువు మొత్తం 19 మీటర్ల ఎత్తు. పూల్ నీళ్లు పూల్‌లోకే తిరిగి వస్తున్నాయి, ఎక్కడా మేడ ఎక్కడం లేదు. అంటే ఈ 19 మీటర్లూ పైపుల రాపిడి, వాల్వు, ఇసుక తినేస్తున్నవే.
3. రిటర్న్ లైను యూనియన్ విప్పి, అదే సైజు పైపు ముక్కతో నీళ్లను 200 లీటర్ల డ్రమ్ములోకి మళ్లించాం. ఒకరు ఫోన్లో స్టాప్‌వాచ్, ఒకరు పైపు పట్టుకోవడం. నిండడానికి 62 సెకన్లు, అంటే గంటకు 11,600 లీటర్లు.

మూడో కొలత లేకుండా ముందుకు పోవద్దు. ఫ్లో మీటరు కొననక్కరలేదు, డ్రమ్ము చాలు. పైపును గట్టిగా పట్టుకునే మనిషి మాత్రం కావాలి.

1,820 వాట్లను 11.6తో భాగిస్తే వెయ్యి లీటర్లు తిప్పడానికి 157 వాట్-అవర్లు. ఈ డైరీ మొత్తం ఈ ఒక్క అంకెను తగ్గించడమే. రోజుకు 8 గంటలకు 14.6 యూనిట్లు, నెలకు 437.

ఫిల్టరు లెక్క ఇంకా ఘోరంగా వచ్చింది. 400 మి.మీ. ఫిల్టరులో ఇసుక వైశాల్యం 0.126 చదరపు మీటర్లు. గంటకు 11.6 ఘనపు మీటర్లు తోస్తే చదరపు మీటరుకు గంటకు 92 పడుతోంది. ఇళ్ల పూల్స్‌కి 50 దాటకూడదు, 30 లోపు ఉంటే మంచిది. ఇంత వేగంతో పోయే నీళ్లు సన్నటి దుమ్మును ఇసుకలో నిలవనివ్వవు, అటువైపుకు తోసేస్తాయి. మామిడి పూత రాలే ఈ రోజుల్లో పూల్ పైన పసుపు పొడి తేలుతోంది. అది ఒక పక్క స్కిమ్మర్‌లోకి (పైన తేలే చెత్తను లాగే గోడలోని మూతి) పోయి ఇంకో పక్క నాజిల్‌లోంచి బయటికొస్తోంది. ఐదు రూపాయల బిళ్లను లోతు వైపు వేసి చూస్తే బొమ్మో బొరుసో తెలియలేదు.

ఖర్చు: మీటరు, గేజీలు ₹2,050. మొత్తం ₹2,050. వెయ్యి లీటర్లకు 157 వాట్-అవర్లు.

మార్చి: టైమర్‌తో సరిపెట్టే ప్రయత్నం

8 గంటలకు 92,800 లీటర్లు తిరుగుతున్నాయి, అంటే పూల్ నీళ్లు రెండుసార్లకు పైనే. ఇంట్లో నలుగురు దిగే పూల్‌కి రోజుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు చాలు. కాబట్టి టైమర్ పెట్టి 5 గంటలకు తగ్గించాం. యూనిట్లు 14.6 నుంచి 9.1కి వచ్చాయి. ఖర్చు టైమరుది మాత్రమే. ఇక్కడితో ఆపేయొచ్చు కదా అనిపిస్తుంది.

మార్చి రెండో సగంలో ఎండ ముదిరింది. మెట్ల మూలల్లో, నిచ్చెన వెనక పచ్చటి పాచి పట్టడం మొదలైంది. క్లోరిన్ వేసేది సాయంత్రం, పంపు ఆగేది మధ్యాహ్నం. మిగతా 19 గంటలు నీళ్లు నిలిచిపోయి ఉంటాయి. మూలలకు క్లోరిన్ చేరడం లేదు, పైన పడిన ఆకు స్కిమ్మర్‌కి చేరకముందే మునిగి కుళ్లుతోంది. సయనూరిక్ యాసిడ్ లేని నీళ్లలో క్లోరిన్ ఎండకు గంటల్లోనే పోతుంది. ఆ యాసిడ్‌ను 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) దగ్గరకు తెచ్చాం. కొంత మేలు. కానీ మూలల సమస్య అలాగే ఉంది.

దీంతో తేలింది ఏమిటంటే పూల్‌కి కావలసింది తక్కువ గంటల గట్టి తోపు కాదు, ఎక్కువ గంటల మెల్లటి తిరుగుడు. ఉన్న పంపుకు ఒకటే వేగం.

మా పక్క తోట రైతు ఒక సలహా ఇచ్చాడు. "తోట లైనుకు తగిలించెయ్ నాయనా, పగలు తొమ్మిది గంటలు ఫ్రీ కదా." ఆ కనెక్షన్ వ్యవసాయానికి ఇచ్చింది. దాని మీద ఈత కొలను నడపడం చట్టవిరుద్ధం. పైగా ఎవరి ఖర్చుతోనో ఈత కొట్టడం నాకు ఇష్టం లేదు. ఆ దారి వదిలేశాం.

సోలార్ అమ్మే ఒకాయన పూల్ బిల్లు సున్నా చేస్తానన్నాడు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మా వైపు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. 14.6 యూనిట్ల దుబారాను మోయడానికి మూడున్నర కిలోవాట్ల పైన ప్యానెళ్లు పెట్టడం కన్నా ముందు దుబారా తగ్గించడం చవక.

ఖర్చు: టైమరు ₹1,400. మొత్తం ₹3,450. వెయ్యి లీటర్లకు 157, మారలేదు.

ఏప్రిల్: పైపులు

పంపు కొనకముందే పైపులు మార్చడం ఏమిటని ప్లంబరు అడిగాడు. కొత్త పంపు ఎంత బరువు మోయాలో తేలకుండా దాని సైజు తేలదు.

50 మి.మీ. పైపు లోపలి వ్యాసం సుమారు 45. 63 మి.మీ. పైపుకు 57. చూడ్డానికి చిన్న తేడా. కానీ అదే ప్రవాహానికి రాపిడి నష్టం మూడో వంతుకు పడిపోతుంది. పాత సక్షన్ పైపులో నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పోతున్నాయి. సక్షన్‌లో ఒకటిన్నర దాటకపోతే మేలు.

చేసిన పని:

1. సక్షన్, రిటర్న్ రెండూ 63 మి.మీ.కి మార్చాం. భూమిలో పాతపైపు తీయలేదు, పక్కనే కొత్త కాలువ తవ్వాం.
2. ఎల్బోల బదులు పొడుగు బెండ్లు. బెండు దొరకని చోట రెండు 45 డిగ్రీల ముక్కలు. 16 ఎల్బోలు పోయి 7 బెండ్లు మిగిలాయి.
3. పంపుకు ముందు కనీసం 30 సెంటీమీటర్ల తిన్నటి పైపు. బెండు నేరుగా పంపు మూతికి తగిలిస్తే నీళ్లు సుడి తిరుగుతూ లోపలికి పోయి చప్పుడు చేస్తాయి.
4. సక్షన్‌లో నాన్ రిటర్న్ వాల్వ్. పారదర్శకమైన మూత ఉన్నది తీసుకోండి, ఆకు ఇరుక్కుంటే కనబడుతుంది.
5. మెయిన్ డ్రెయిన్, స్కిమ్మర్ లైన్లకు వేర్వేరు వాల్వులు. మా పూల్‌కి అడుగున డ్రెయిన్ ఒకటే ఉంది. ఒకే డ్రెయిన్ మీద పెద్ద పంపు లాగితే పిల్లల జుట్టు గానీ చెయ్యి గానీ పట్టేసే ప్రమాదం ఉంది. దాని వాల్వు మూడో వంతే తెరిచి, మూతను సుడి పట్టని రకానికి మార్చాం.

ఫలితం: సక్షన్ 0.3 నుంచి 0.12 కేజీకి దిగింది. డ్రమ్ము 55 సెకన్లకు నిండింది, గంటకు 13,100 లీటర్లు. ఎనర్జీ మీటరు మాత్రం 1,820 నుంచి 1,880కి పెరిగింది!

ప్లంబరు మొహం చిన్నబోయింది కానీ ఇది మామూలే. ఈ రకం పంపు ముందు అడ్డు తగ్గిస్తే ఎక్కువ నీళ్లు తోస్తుంది, ఎక్కువ నీళ్లు తోస్తే ఎక్కువ కరెంటు లాగుతుంది. వెయ్యి లీటర్ల లెక్కన చూస్తే 157 నుంచి 144కు తగ్గింది. వాట్లు ఒక్కటే చూసేవాళ్లు ఇక్కడే భయపడి వాల్వు తిప్పి ప్రవాహం తగ్గిస్తారు. అలా చేస్తే వాట్లు తగ్గుతాయి, వెయ్యి లీటర్ల ఖర్చు పెరుగుతుంది.

ఇంకో వారానికి రిటర్న్ నాజిళ్ల ముందు పూల్ అడుగున సన్నటి ఇసుక గీతలా పేరుకుంది. పూల్‌లో ఇసుక కనిపించిందంటే ఫిల్టరు లోపల లేటరల్ (ఇసుకను ఆపి నీళ్లను మాత్రం వదిలే అడుగు గొట్టం) విరిగిందని అర్థం.

ఖర్చు: పైపులు, బెండ్లు, వాల్వులు, సొల్యూషన్ ₹8,900, కూలి ₹3,000. మొత్తం ₹15,350. వెయ్యి లీటర్లకు 144.

మే: ఫిల్టరు

పాత ఫిల్టరు విప్పాం. అడుగున ఒక లేటరల్ చీలి ఉంది. అది మారిస్తే పోయేది. అసలు సంగతి ఇసుకది. పైన ఒక జానెడు మందం బెల్లం అచ్చులా గట్టిపడిపోయింది, పార మొనతో కొడితే గానీ పెళ్లలు రాలేదు. నీళ్లన్నీ ఆ పెళ్లల పక్కనుంచి దారి చేసుకుని పోతున్నాయి. కారణం రెండు: 620 కాఠిన్యం ఉన్న బోరు నీళ్లు, వాటిలో చల్లుతున్న బ్లీచింగ్ పౌడర్. ఆ పౌడర్‌లో కరగని సున్నం చాలా ఉంటుంది. పూల్ చూసుకునే ఆయన దాన్ని నేరుగా స్కిమ్మర్‌లో పోస్తున్నాడు, త్వరగా కలుస్తుందని. అది నేరుగా ఇసుక మీదే కూర్చుంది. అప్పటినుంచి ద్రవ హైపోకి (సోడియం హైపోక్లోరైట్) మారాం, పీహెచ్ 7.6 దాటనివ్వడం లేదు.

ఏ ఫిల్టరు అన్నదాని మీద బాగా ఆలోచించాం.

కార్ట్రిడ్జ్ ఫిల్టరు కరెంటు పరంగా మంచిది. మల్టీపోర్ట్ వాల్వే ఉండదు కాబట్టి అడ్డు తక్కువ. 10 నుంచి 15 మైక్రాన్ల దుమ్మును పట్టుకుంటుంది. ఇసుక ఫిల్టరు పట్టేది 20 నుంచి 40. బ్యాక్‌వాష్ (నీళ్లను ఎదురు తోసి ఇసుకను కడిగి పారబోయడం) లేదు, కాబట్టి నీళ్లు ఆదా. చుట్టూ బోర్లు వెయ్యి అడుగులు దిగుతున్న ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. అయినా వద్దనుకున్నాం. మా కాఠిన్యానికి ఆ మడతల్లో సున్నం పట్టేస్తుంది, యాసిడ్ నీళ్లలో నానబెట్టాలి. మామిడి పూత కాలంలో వారానికి రెండుసార్లు కడగాల్సి వస్తుంది. కార్ట్రిడ్జ్ పాడైతే చెన్నై నుంచి తెప్పించాలి. మెత్తటి నీళ్లు, చెట్లు లేని పరిసరం ఉన్నవాళ్లకు నేను కార్ట్రిడ్జే చెబుతాను.

ఇసుక ఫిల్టరులో 500 మి.మీ.నా, 600నా? 500కి వైశాల్యం 0.196, 600కి 0.283. తిప్పాలనుకున్నది గంటకు 6,500 లీటర్లు. 500లో వేగం 33, 600లో 23. పెద్దదైతే ఇసుక నెమ్మదిగా నిండుతుంది, బ్యాక్‌వాష్ తక్కువసార్లు. కానీ బ్యాక్‌వాష్ చేసేటప్పుడు ఇసుక లేవాలంటే చదరపు మీటరుకు గంటకు 40కి పైగా కావాలి. 600కి అది గంటకు 11,500 లీటర్లకు దగ్గర. అంటే పంపు సైజును నిర్ణయించేది రోజువారీ తిప్పుడు కాదు, ఎప్పుడో ఒకసారి చేసే బ్యాక్‌వాష్. 750 మి.మీ. తీసుకుని ఉంటే దానికోసం ఇంకా పెద్ద పంపు కొనాల్సి వచ్చేది. 600 దగ్గర ఆగాం, పక్కన బిగించే రెండు అంగుళాల వాల్వుతో. ఒకటిన్నర అంగుళాల వాల్వు వెయ్యి రూపాయలు తక్కువే గానీ, 63 మి.మీ. పైపు వేసిన కష్టమంతా అక్కడ పోతుంది.

ఇసుక గురించి ఒక మాట. స్వర్ణముఖి ఇసుక జల్లెడ పట్టి వాడుకోవచ్చు కదా అని చాలామంది అన్నారు. ఒక బకెట్ కడిగి చూశాం, ఎన్ని నీళ్లు మార్చినా బురద తేలుతూనే ఉంది. గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక ఉంది, కానీ తవ్వినది తవ్వినట్టు వాడేది కాదు. 0.5 నుంచి 0.8 మి.మీ.కి గ్రేడ్ చేసి, కడిగి ఆరబెట్టిన బస్తాలే తీసుకోండి. మాకు 150 కిలోలు పట్టింది.

నింపే వరస:

1. మధ్య గొట్టం మూతికి టేపు చుట్టాలి, ఒక్క ఇసుక రేణువు దాంట్లో పడకూడదు.
2. ట్యాంకును సగం దాకా నీళ్లతో నింపాలి. లేటరల్స్ మీద ఇసుక దబ్బున పడితే అక్కడికక్కడే విరుగుతాయి.
3. బస్తాను వంచి మెల్లగా పోయాలి. చేత్తో చదును చేయాలి.
4. టేపు తీసి, వాల్వు బిగించి, మొదట 3 నిమిషాలు బ్యాక్‌వాష్, తర్వాత అర నిమిషం రిన్స్. ఆ తర్వాతే ఫిల్టర్ పొజిషన్. వాల్వు హ్యాండిల్ తిప్పే ప్రతిసారీ పంపు ఆపాలి.

కొత్త ఫిల్టరును పాత 2 హెచ్‌పీ పంపుతోనే నడిపి చూశాం. డ్రమ్ము 45 సెకన్లు, గంటకు 16,000 లీటర్లు. వాట్లు 1,990కి ఎక్కాయి, మోటారు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఫిల్టరు వేగం మళ్లీ 57కి పోయింది. అడ్డు తీసేసిన దారిలో ఈ పంపు అవసరానికి మించినదని ఇక వేరే రుజువు అక్కరలేదు.

ఖర్చు: ఫిల్టరు, వాల్వు ₹31,500, ఇసుక ₹2,700, రవాణా ₹1,800. మొత్తం ₹51,350. వెయ్యి లీటర్లకు 124.

జూన్, జులై: పంపు

సూత్రం చిన్నది. పంపు వేగం సగం చేస్తే ప్రవాహం సగమవుతుంది, లాగే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు గంటలు నడిపినా మొత్తం కరెంటు నాలుగో వంతే. మోటారు, దాని వేగం మార్చే డ్రైవ్ నష్టాల వల్ల అచ్చంగా అంత రాదు, కానీ దగ్గరలో వస్తుంది. అమెరికాలో ఇళ్ల పూల్ పంపులకు 2021 జులై నుంచి ఒక కనీస ప్రమాణం పెట్టారు, ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని నీళ్లు తిప్పుతుందన్నదే దాని కొలత. పెద్ద సైజు పంపుల్లో వేగం మార్చుకునేవి తప్ప మిగతావి దాన్ని అందుకోవడం కష్టం.

మన దగ్గర రెండు దారులు. రెడీమేడ్ ఇన్వర్టర్ పూల్ పంపు: నాకు చెప్పిన ధర ₹78,000. లేదా మామూలు త్రీ ఫేజ్ పూల్ పంపు, దానికి విడిగా వీఎఫ్‌డీ, అంటే కరెంటు ఫ్రీక్వెన్సీని (హెర్ట్జ్) మార్చి మోటారు వేగం మార్చే డ్రైవ్. ఇంట్లో సింగిల్ ఫేజ్ ఉన్నా పర్వాలేదు, 230 వోల్టుల సింగిల్ ఫేజ్ తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే వీఎఫ్‌డీలు దొరుకుతాయి. ఉన్న సింగిల్ ఫేజ్ పంపుకే వీఎఫ్‌డీ తగిలించడం మాత్రం కుదరదు. దాని కెపాసిటరు 50 హెర్ట్జ్‌కి లెక్కకట్టి పెట్టినది. రెండో దారి ఎంచుకున్నాం: 1 హెచ్‌పీ త్రీ ఫేజ్ పంపు, 2 హెచ్‌పీ వీఎఫ్‌డీ. వీఎఫ్‌డీ ఒక సైజు పెద్దది తీసుకున్నది మా ఎండల కోసం.

మొదటిసారి స్విచ్ వేయగానే మోటారు మూలిగింది, తిరగలేక తిరిగింది, నీళ్లు అందలేదు. డ్రైవ్ ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ టెర్మినల్ బాక్సు మూత తీసి చూసి, "ఇది స్టార్‌లో ఉండాది అన్నా, డెల్టాకు మార్చాల" అన్నాడు. స్టార్, డెల్టా అంటే మోటారు చుట్లను కలిపే రెండు పద్ధతులు. నేమ్ ప్లేటు మీద 230 డెల్టా, 400 స్టార్ అని ఉంది. ఫ్యాక్టరీలో 400కి కలిపి పంపారు, మా డ్రైవ్ ఇచ్చేది 230. మూడు రాగి పట్టీలు అడ్డంగా ఉన్నవి నిలువుగా బిగించగానే సరిపోయింది. కొనేముందు చూడాల్సింది ఇదే: టెర్మినల్ బాక్సులో ఆరు కొసలు బయటికి ఉండాలి. మూడే ఉంటే ఆ మోటారు ఈ పనికి రాదు.

రెండో ఇబ్బంది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌కి లీకైతే లైను కట్ చేసే స్విచ్. పూల్ లైనుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ తప్పనిసరి, దాన్ని తీసేసి నడపడం అన్న మాటే లేదు. వీఎఫ్‌డీ పెట్టాక అది ఉదయానికోసారి పడిపోతోంది. డ్రైవ్ ఇంటి గోడ మీద, పంపు 14 మీటర్ల అవతల. అంత పొడవు కేబుల్ నుంచి ఎర్త్‌కి కొద్దికొద్దిగా కరెంటు లీకవుతుంది, పొడవు పెరిగేకొద్దీ ఎక్కువ. డ్రైవ్‌ను పంపు గదికే తెచ్చి కేబుల్ 2 మీటర్లకు తగ్గించాం. డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ (లోపలి స్విచ్చింగ్ వేగం) 12 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కి దించాం. ఆ లైనుకు డ్రైవ్‌లకు పనికొచ్చే రకం ఆర్‌సీసీబీ విడిగా పెట్టాం. పడడం ఆగింది. మోటారు కొంచెం కీచుమంటోంది, పంపు గది తలుపు వేస్తే వినబడదు.

మూడోది వేడి. ఇనుప పెట్టెలో పెట్టిన డ్రైవ్ మధ్యాహ్నం రెండింటికి వేడెక్కి ఆగిపోయింది. పెట్టెలో థర్మామీటరు పెడితే 58 డిగ్రీలు. గది పైకప్పు గ్రానైట్ పలకలు, సాయంత్రం దాకా సెగ. పెట్టెకు కింద, పైన జాలీలు, ఒక చిన్న ఫ్యాను, ఎండ తగలని ఉత్తరపు గోడకు మార్పు. 44కి వచ్చింది. జాలీకి సన్నటి మెష్ కూడా వేయించాం, బల్లి లోపలికి దూరి టెర్మినళ్ల మధ్య పడితే డ్రైవ్ పోతుంది.

ఖర్చు: పంపు ₹21,000, వీఎఫ్‌డీ ₹10,800, ఆర్‌సీసీబీ, పెట్టె, కేబుల్, ఫ్యాను ₹4,650. మొత్తం ₹87,800.

ఆగస్టు: ఏ వేగం?

50 హెర్ట్జ్: డ్రమ్ము 55 సెకన్లు, గంటకు 13,100 లీటర్లు, 960 వాట్లు. వెయ్యి లీటర్లకు 73.
35 హెర్ట్జ్: 79 సెకన్లు, 9,100 లీటర్లు, 390 వాట్లు. వెయ్యి లీటర్లకు 43.
25 హెర్ట్జ్: 111 సెకన్లు, 6,500 లీటర్లు, 180 వాట్లు. వెయ్యి లీటర్లకు 28.
20 హెర్ట్జ్: 144 సెకన్లు, 5,000 లీటర్లు, 125 వాట్లు. వెయ్యి లీటర్లకు 25.

మొదటి వరస మళ్లీ చూడండి. ఏప్రిల్‌లో 2 హెచ్‌పీ పంపు పాత ఫిల్టరుతో ఇచ్చిందీ ఇదే 13,100 లీటర్లు, 1,880 వాట్లతో. ఇప్పుడు 1 హెచ్‌పీ పంపు అదే నీళ్లను సగం కరెంటుతో తోస్తోంది, వేగం తగ్గించకముందే. ఫిల్టరు మీద గేజి అప్పుడు 1.5 కేజీ, ఇప్పుడు 0.6. పాత పైపులు, పాత ఫిల్టరు అలాగే ఉంచి 1 హెచ్‌పీ పంపు పెట్టి ఉంటే ఇంత నీరు వచ్చేదే కాదు.

20 హెర్ట్జ్ ఎందుకు వద్దంటే, స్కిమ్మర్ తలుపు కదలడం మానేసింది, వేపాకు దాని ముందే తిరుగుతూ ఉండిపోయింది. 25 నుంచి 20కి దిగితే మిగిలేది పెద్దగా లేదు కూడా. మోటారు వెనక ఫ్యాను కూడా మరీ నెమ్మదిగా తిరిగితే మంచిది కాదు.

25 మీద పంపు తనంతట తాను నీళ్లు ఎత్తుకోలేదు. నీటిమట్టం పైన ఉన్న ప్రతి పంపుకూ ఇదే. ఉదయం 3 నిమిషాలు 50 మీద నడిచి, గాలి పోయాక దిగేలా డ్రైవ్‌లోనే సెట్ చేశాం.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి:

1. ఉదయం 7 గంటలకు 50 హెర్ట్జ్, 3 నిమిషాలు.
2. ఒక గంట 35 హెర్ట్జ్. రాత్రి రాలిన ఆకులు ఈ గంటలోనే స్కిమ్మర్‌కి చేరతాయి.
3. తర్వాత 8 గంటలు 25 హెర్ట్జ్. క్లోరిన్ ఈ సమయంలోనే వేస్తున్నాం.

రోజుకు 61,000 లీటర్లకు పైన తిరుగుతున్నాయి, ఒకటిన్నర సార్లు. మీటరు 1.9 యూనిట్లు చూపిస్తోంది. లోతు వైపు బిళ్ల మీద అంకె కనిపిస్తోంది. మెట్ల మూలల పాచి మళ్లీ రాలేదు.

బ్యాక్‌వాష్ ఎప్పుడు చేయాలన్నది ఇక్కడ మారిపోతుంది. శుభ్రంగా ఉన్నప్పటి కన్నా గేజి అర కేజీ పెరిగితే చేయమని పుస్తకంలో ఉంటుంది. కానీ 25 హెర్ట్జ్ మీద గేజి 0.15 దగ్గర ఉంటుంది, ఇసుక నిండినా ముల్లు కదిలినట్టు తెలియదు. అందుకని ప్రతి సోమవారం 50 హెర్ట్జ్ మీద ఒక నిమిషం నడిపి గేజి రాస్తున్నాం. అక్కడ 0.6 కేజీ ఉండాలి, 1.0 అయితే బ్యాక్‌వాష్. పాత ఫిల్టరుకు వారానికోసారి పట్టేది, ఇప్పుడు మూడు వారాలకు. ఒక్కో బ్యాక్‌వాష్‌కి 650 లీటర్ల దాకా పోతుంది. ఆ నీళ్లను రెండు రోజులు తొట్టిలో నిలిపి, క్లోరిన్ పోయాక కొబ్బరిచెట్లకు వదులుతున్నాం, మామిడికి కాదు.

నవంబరు: వానలు, లెక్క

ఈశాన్య రుతుపవనాల వానల్లో పంపు గదిలోకి జానెడు నీళ్లు వచ్చాయి. మోటారు దిమ్మె 20 సెంటీమీటర్లు ఎత్తుగా ఉండబట్టి తడవలేదు. డ్రైవ్ గోడ మీద ఛాతీ ఎత్తులో ఉంది. దిమ్మె కట్టేవాళ్లు సిమెంటు ఆదా చేయకండి. వాన నీళ్లు పూల్‌లోకి పడి మట్టం పెరిగితే స్కిమ్మర్ పనిచేయదు, మట్టాన్ని స్కిమ్మర్ మూతి సగానికి తేవాలి. ఆ తీసేసే నీళ్లతోనే బ్యాక్‌వాష్ చేసుకుంటే రెండు పనులు ఒకేసారి అయిపోతాయి.

బిల్లు లెక్క. పూల్ కాకుండా మా ఇంటి వాడకం నెలకు 260 యూనిట్లు. మా బిల్లు మీద 226 నుంచి 400 దాకా యూనిట్ ₹8.75, 400 దాటితే ₹9.75. పాత పంపు 437 యూనిట్లలో 140 మొదటి ధరకు, 297 రెండో ధరకు పడేవి: ₹4,121. ఇప్పుడు 57 యూనిట్లు, అన్నీ ₹8.75 మీదే: ₹499. నెలకు తేడా ₹3,622, మిగతా సర్దుబాటు చార్జీలు కలపకుండా.

పాత పంపు, ఫిల్టరు కలిపి ₹11,000కి పోయాయి. ఫిల్టరుకు కొత్త లేటరల్ వేయించి, పంపును కొనే ఆయన ముందే గేజీ పెట్టి నడిపి చూపించి ఇచ్చాం. ఆయనకు చేపల తొట్లకు కావాలట. నికర ఖర్చు ₹76,800, తిరిగి రావడానికి 21 నెలలు.

ఇంకా మిగిలిన పని రిటర్న్ నాజిళ్లు. ఉన్న మూడింటి రంధ్రం 50 హెర్ట్జ్ ప్రవాహానికి సరిపోయే సైజు. 25 మీద నీళ్లు బలంగా రాక, ఉపరితలం మీది చెత్త స్కిమ్మర్ వైపు కదలడం నెమ్మదిగా ఉంది. మూడింటిలో ఒకదానికి 15 మి.మీ. రంధ్రం మూతి పెట్టి స్కిమ్మర్‌కు ఎదురుగా తిప్పాలి. పెట్టాక 50 మీద గేజి 0.7 దాటితే తీసేస్తాం.